ఉన్నికోటు సాక్ష్యం

వెంట్రుకలు కాలిన కంపు దొడ్లోంచి గుప్పున కొట్టింది. దేవమణి బియ్యం చాటను అక్కడే వదిలేసి పరుగెత్తింది. నీళ్ళపొయ్యి ముందు గొంతుక్కూర్చుని ఆమె మొగుడు ప్రేమదాసు తన మిలటరీ ఉన్నికోటును మంటలోకి తోస్తున్నాడు. కోటు ఎడమ చెయ్యి ముందుగా లోపలికి దూర్చాడు. అది నల్లగా ముడుచుకుపోతుంటే రెప్ప వెయ్యకుండా చూస్తున్నాడు.

దేవమణి కాలరు పట్టుకుని కోటును బయటికి లాగి, నేలమీద పడేసి, కడవెడు నీళ్ళు గుమ్మరించింది. మోచేతి దాకా కాలిపోనే పోయింది. తడిసిన ఉన్ని ఇంకా ఎక్కువ కంపు కొట్టింది. ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ఇది సర్కారువారిది గదండీ. సోమవారం వెళ్ళి మిలటరీవాళ్ళకు చూపించాల్సింది," అంది.

"ఇక తొడుక్కోను," అన్నాడు ప్రేమదాసు. పొయ్యిలోకే చూస్తూ కూర్చున్నాడు.

అత్తగారు సౌభాగ్యమ్మ వసారాలోంచి వచ్చింది. కోటును చూసి నోరు చేసుకోబోయి, కొడుకు మొహం చూసి మానుకుంది. తడికోటును తీసుకెళ్ళి దొడ్డివైపు అరుగుమీద పరిచి, కాలిన ఉన్నిని గోళ్ళతో గీకడం మొదలుపెట్టింది. ఆమె చేతకానప్పుడల్లా ఏదో ఒక పని పట్టుకుంటుంది.

సరిగ్గా అప్పుడే ఊడిపడ్డాడు ఏలీయా. ప్రేమదాసుకు అన్న, జగ్గయ్యపేట శివారులోని ఆ పాలేనికి సంఘపెద్ద. ఇస్త్రీ పంచె, చంకలో బైబిలు, మొహాన పెళ్ళిపెద్ద కళ. తమ్ముడి చెయ్యి కాలిందా అని అడగలేదు. ఎందుకు తగలబెట్టావురా అనీ అడగలేదు. కోటును రెండువేళ్ళతో పైకెత్తి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మరి సాయంత్రం ప్రార్థన కూడికలో ఏం తొడుక్కుంటాడు?" అన్నాడు.

దేవమణికి ఒళ్ళు మండిపోయింది. నోటిదాకా వచ్చిన మాటను అత్తగారి మొహం చూసి మింగేసింది.

ఏలీయాకు ఆ మింగిన మాటతో పని లేదు. గుడి ముందు పందిరి వేయించానన్నాడు. వత్సవాయినించీ నందిగామనించీ జనం వస్తున్నారన్నాడు. నందిగామ పాస్టరు అయ్యగారు స్వయంగా వస్తారట. అన్నిటికంటే పెద్ద కబురు ఆఖర్న చెప్పాడు. జి.కొండూరునించి రత్నమణి వస్తోంది. ప్రేమదాసుతోపాటు యుద్ధానికి వెళ్ళి తిరిగిరాని స్తెఫను తల్లి ఆవిడ.

"పాపం, కొడుకును పోగొట్టుకున్న తల్లి. మనవాడి సాక్ష్యం చెవులారా వింటే ఆవిడ గుండె కుదుటపడుద్ది. ఆవిణ్ణి ముందు చాపమీదే కూచోబెడదాం," అన్నాడు ఏలీయా.

ఆ మాట వినగానే ప్రేమదాసు ఎడమ చేతిని కుడిచంక కిందికి దోపుకున్నాడు. పొయ్యి ముందునించి లేచి, గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

"కోటు పోతే పోయింది. పేటలో పోస్టుమాను మనవాడే. వాడి ఖాకీ చొక్కా పట్టుకొస్తా. పెట్రోమాక్సు వెలుతుర్లో ఎవడికి తెలుసుద్ది?" అనేసి సంఘపెద్ద సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

యుద్ధం చేసి, మంచులో రెండు కాలివేళ్ళు పోగొట్టుకుని వచ్చిన మనిషికి పోస్టుమాను చొక్కా. దేవమణికి నవ్వు రావలసింది. రాలేదు. ఛీ అనుకుంది. ఈమధ్య రోజుకెన్నిసార్లు ఛీ అనుకుంటోందో ఆమెకే తెలియదు.

అసలీ సాక్ష్యం గొడవ ఎలా మొదలయిందంటే, అది ఎవరూ కావాలని చేసిన పాపం కూడా కాదు. నిరుడు చైనావాళ్ళతో యుద్ధం జరిగింది. ప్రేమదాసు మిలటరీ ఆసుపత్రిలో కాలు బాగుచేయించుకుని, సిక్ లీవుమీద మిరపకాయల కోతలప్పుడు ఇంటికొచ్చాడు. చావు తప్పించుకుని వచ్చినవాళ్ళకు పాలెంలో కృతజ్ఞతా కూడిక పెట్టడం ఆనవాయితీ. కలరా తగ్గినా, పాము కరిచి బతికినా, కాన్పు కష్టమై గట్టెక్కినా ఆ మనిషి లేచి నిలబడి దేవుడు తనను ఎలా కాపాడాడో సాక్ష్యం చెప్పాలి. చెప్పేవాళ్ళు తడబడితే వినేవాళ్ళు హల్లెలూయ అని అందుకుంటారు. అది వాళ్ళకు తెలిసిన మర్యాద.

ప్రేమదాసూ నిలబడ్డాడు. మంచులో వెనక్కి తగ్గమని ఆర్డరొచ్చిందని చెప్పాడు. చీకటనీ, దారి కనపడలేదనీ, చుట్టూ కాల్పులనీ చెప్పాడు. "అప్పుడు... నా ఎడమ చెయ్యి గట్టిగా పట్టుకుని..." అంటూ ఆగాడు. ఆ ఆగడమే తప్పయింది. ఏలీయా లేచి, "దేవదూత! నా తమ్ముణ్ణి దేవదూత చెయ్యి పట్టుకుని నడిపించాడు!" అని కేక పెట్టాడు. పందిరంతా హల్లెలూయలతో హోరెత్తిపోయింది. తప్పెటలు మోగాయి. సౌభాగ్యమ్మ నేలమీద పడి ఏడ్చింది. ప్రేమదాసు నోరు తెరిచి రెండుసార్లు ఏదో చెప్పబోయాడు. ఎవరికి వినపడుతుంది?

అక్కణ్ణించి ఊరూరా పిలుపులు. చిల్లకల్లు, వత్సవాయి, నందిగామ. మాడ్చే ఎండల్లో ఏలీయా తమ్ముడికి ఉన్నికోటు తొడిగించేవాడు. మంచుకొండల సంగతి చెప్పేటప్పుడు కోటుంటేనే కళకట్టుద్దని ఆయన వాదన. దేవదూతకు ఒక ఊళ్ళో తెల్లబట్టలొచ్చాయి, ఇంకో ఊళ్ళో రెక్కలొచ్చాయి. కూడిక అయ్యాక ఆడంగులు వరసకట్టి తెగిపోయిన వేళ్ళు చూపించమనేవాళ్ళు. ఒకావిడ వేలు పెట్టి ముట్టుకు కూడా చూసింది. ఆ పైన పెద్దలకు కోడికూరతో భోజనాలు. ప్రతి ఊళ్ళోనూ భోజనాలవేళకు ప్రేమదాసు కనపడేవాడు కాదు. దేవమణి వెతుక్కుంటూ వెళితే పందిరి వెనక తాటిమట్టల చాటున వాంతి చేసుకుంటూ ఉండేవాడు.

ఇంటి దగ్గర కూడా మనిషి మనిషిలా లేడు. తినడు, పడుకోడు. పడుకున్నా కుడిచేత్తో ఎడమచేతి వేళ్ళను పట్టుకుని ఒక్కొక్కటే విడదీస్తూ ఉంటాడు. దేవమణి ఆ చెయ్యి పట్టుకోబోతే పాము తగిలినట్టు విదిలించుకుంటాడు. తనంటే రోత పుట్టిందేమోనని ఆమె చాలారోజులు లోలోపల కుమిలిపోయింది.

పేటలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన నరాల బలహీనతన్నాడు, బలానికి సూది వేశాడు, ఆ తర్వాత కుర్చీలో వెనక్కి వాలి చైనావాళ్ళను ఎంతమందిని చంపావని అడిగాడు. సైనికులకు సాయం చేసే ఆఫీసని ఎవరో చెబితే బెజవాడ వెళ్ళింది. అక్కడి గుమాస్తా మంచివాడే, కూర్చోమన్నాడు. గాయం ఎక్కడన్నాడు. ఆమె తల చూపించింది. తలకు గుండు తగిలిందా అన్నాడు. తగల్లేదంది. మరైతే గాయం కాలివేళ్ళే గదమ్మా, కాలివేళ్ళ సంగతి మాట్లాడమన్నాడు. ఇంటికొస్తే ఏలీయా ఉపవాస ప్రార్థన పెట్టిస్తానన్నాడు. దేశంకోసం వెళ్ళి దెబ్బతిన్న మనిషి ఎక్కడికెళ్ళి చెప్పుకోవాలో చెప్పేవాడు ఒక్కడు లేడు. కాలివేళ్ళు చూస్తామనేవాళ్ళే అందరూ.

ఆ ఒక్కడు చివరికి చిల్లకల్లు మిరపచేలో దొరికాడు.

ఆయన పేరు బసవయ్య. పొలమూ పుట్రా ఉన్న రైతు. తెల్లదొరల కాలంలో బర్మా యుద్ధానికి వెళ్ళొచ్చాడు గనక ఊళ్ళో బర్మా బసవయ్య అంటారు. ఆఖరు కోతకు వచ్చిన దేవమణిని గట్టుమీదికి పిలిచి, మొన్న మీ ఆయన సాక్ష్యం చెబుతుంటే రోడ్డుమీద నిలబడి విన్నానన్నాడు. అందరూ అతని మొహం చూస్తుంటే తాను చేతివేళ్ళు చూశానన్నాడు. నిద్ర పోతున్నాడా, తిన్నది ఇముడుతోందా అని అడిగాడు. అన్నాళ్ళలో ఆ రెండు ప్రశ్నలూ అడిగిన మనిషి ఆయనే. దేవమణి మిరపకాయల బుట్ట పక్కన కూలబడి బావురుమంది.

సోమవారంతో సెలవు అయిపోతుంది. సికింద్రాబాదు వెళ్ళి మిలటరీ ఆసుపత్రిలో కనపడాలి. అంతా బాగుందని చెబితే మళ్ళీ బోర్డరుకు పంపుతారు. చేతికి తుపాకీ ఇస్తే ముందుగా తనవైపే తిప్పుకుంటాడని దేవమణి భయం. బాగాలేదని చెబితే తల సంగతి చూసే వార్డుకు పంపుతారని బసవయ్య అన్నాడు. రేపు పొద్దున హైదరాబాదు బస్సుకు తానే వెంట వస్తానన్నాడు. ఇంట్లో మాత్రం ఈ మాట ఇంతవరకూ బయటపడలేదు. ఇవాళ వచ్చి చెబుతానన్న మనిషి, మధ్యాహ్నం ఎండ కాస్త చల్లబడేసరికి, అన్నట్టే వచ్చాడు.

బసవయ్య పాలెంలోకి రావడమే ఒక వింత. వీధి మొగదల సైకిలు దిగి నడుచుకుంటూ వస్తుంటే గుడిసెల్లోంచి తలకాయలు బయటికొచ్చాయి. సౌభాగ్యమ్మ కంగారుపడి నులకమంచం దులిపి వేసింది. ఆయన మంచంమీద కూర్చోలేదు. తిన్నగా దొడ్లోకి వెళ్ళి ప్రేమదాసు పక్కన గోడకు చేరగిలబడ్డాడు. ప్రేమదాసు చూస్తున్న గోడవైపే తానూ చూస్తూ చాలాసేపు ఊరుకున్నాడు. ఇద్దరు మగాళ్ళు ఉలుకూ పలుకూ లేకుండా మట్టిగోడ చూస్తూ కూర్చుంటే, ఇదేం వైద్యమని సౌభాగ్యమ్మ కోడలి వంక చూసింది.

"బర్మానించి వచ్చాక మా ఇంటో బావి దగ్గిరికి వెళ్ళేవాణ్ణి కాదు. ఏడాదిపాటు స్నానం చెయ్యలా," అన్నాడు బసవయ్య ఉన్నట్టుండి. "బావిలో మనుషులు కనపడేవాళ్ళు నాకు. మా అమ్మ మంత్రగాణ్ణి పిలిపించింది. వాడు వేపమండల్తో వీపు చీరేశాడు. ఆ దెబ్బలు మానాయి గానీ బావిలో మనుషులు పోలా."

ప్రేమదాసు మొదటిసారి తల తిప్పాడు.

"మరెట్టా పోయారండీ?"

"మా సుబేదారు ఆసుపత్రికి పంపించాడు. ఉత్తరాదిన ఎక్కడో. నా బోటివాళ్ళే వార్డు నిండా. మందులిచ్చారనుకో. కానీ నాకు గుర్తున్నది ఒక్కటే. ఒక డాక్టరు రోజూ నా మంచం పక్కన కుర్చీ వేసుకుని కూచునేవాడు. నేను చెప్పేవాణ్ణి, ఆయన వినేవాడు. మధ్యలో ఒక్కమాట మాట్లాడేవాడు కాదు. శభాష్ అనేవాడు కాదు, అయ్యోపాపం అనేవాడు కాదు. చివరిదాకా చెప్పనిచ్చాడు."

ప్రేమదాసు పూర్తిగా ఆయనవైపు తిరిగాడు.

"చివరిదాకానా?"

"చివరిదాకా. అయితే అక్కడ అడగాల్సింది నువ్వే. నాకు బాగాలేదని నీ నోటితో నువ్వు చెప్పాలి. కాలివేళ్ళు చూపించి ఊరుకున్నావనుకో, వాళ్ళూ కాలివేళ్ళే చూసి పంపేస్తారు."

అరుగుమీద గోళ్ళతో కోటు గీకుతున్న సౌభాగ్యమ్మ చెయ్యి ఆగింది. ప్రేమదాసు ఏదో అనబోయాడు. సరిగ్గా ఆ క్షణానికే వాకిట్లో సైకిలు బెల్లు గణగణమంది. చేతిమీద పోస్టుమాను చొక్కా వేసుకుని ఏలీయా లోపలికి వచ్చాడు.

బసవయ్యను చూడగానే ఏలీయా వంగి దణ్ణం పెట్టాడు. తమరు ఇక్కడికి రావడమేంటి, కబురుపెడితే నేనే వచ్చేవాణ్ణి గదా అన్నాడు. విషయం వినేసరికి ఆ వినయం కాస్తా ఎగిరిపోయింది. పెద్దవాడి ముందు గొంతు పెంచలేక దేవమణి మీదికి తిరిగాడు. ఎవర్నడిగి ఈ ఏర్పాట్లు చేశావన్నాడు. మొగుణ్ణి పిచ్చాసుపత్రిలో పడేసి ఊరేగుదామనుకున్నావా అన్నాడు. పిచ్చి అని కాగితంమీద పడితే జవాన్లకిచ్చే బంజరు మనకొస్తుందా అన్నాడు. దానికోసం తాను తహసీల్దారు ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరుగుతున్నాడట.

అదంతా అయ్యాక అసలు బాధ బయటపెట్టాడు.

"దేవదూత నడిపించిన మనిషికి పిచ్చేంటని జనం అడగరా? సంఘంలో నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి? సోమవారం వెళ్ళి బాగున్నానని చెప్పి డ్యూటీలో చేరమను. నడిపించిన దేవుడు మళ్ళీ నడిపిస్తాడు."

దేవమణి పెళ్ళయినప్పటినించీ బావగారి ఎదుట తల పైకెత్తి మాట్లాడి ఎరగదు. ఆయనొస్తే తలుపు చాటుకు తప్పుకునే మనిషి. ఇప్పుడు మాత్రం కదల్లేదు. పొద్దుటినించీ వదలని ఆ కాలిన కంపు మళ్ళీ ముక్కుకు కొట్టింది. అది కోటు కంపనుకుంది ఇంతసేపూ. ఈ మనిషి మాటలకే వచ్చిందని ఇప్పుడర్థమయింది.

"బావగారూ, వత్సవాయిలో మీరు పందిట్లో కూచుని కోడికూర తింటుంటే ఈయన పందిరి వెనక కక్కుకుంటున్నారు. నేను వచ్చి మీతో చెప్పా. మీరు విన్నారు. విని, వడ్డించేవాణ్ణి పిలిచి ఇంకో ముక్క వేయించుకున్నారు," అంది.

గొంతు పెంచలేదు. అందుకే ఆ మాట దొడ్డి నిండా వినపడింది.

ఏలీయా మొహం నల్లబడిపోయింది. బసవయ్య నేలచూపులు చూశాడు. ప్రేమదాసు పెళ్ళాం వంక అలాగే చూస్తూ ఉండిపోయాడు. దడి అవతల ఎవరివో గాజులు గలగలమని ఆగిపోయాయి. చివరికి సౌభాగ్యమ్మ కోటుమీదనించి చేతులు తీసింది.

"అయ్యా, అక్కడ అన్నం పెడతారా?" అని బసవయ్యను అడిగింది.

"పెడతారమ్మా. ఇమిడేట్టు పెడతారు."

"అయితే తీసుకెళ్ళండయ్యా," అంది. అని మళ్ళీ కోటు పట్టుకుంది.

అమ్మ కూడా అటే తిరిగేసరికి ఏలీయా మెత్తబడ్డాడు. మెత్తబడ్డాడంటే బేరానికి దిగాడన్నమాట. సరే, రేపు పొద్దున వెళ్ళండి, నేనేమైనా వద్దన్నానా అన్నాడు. కానీ ఈ సాయంత్రం ఒక్క కూడిక, ఒక్కటంటే ఒక్కటే. అంత దూరంనించి కొడుకును పోగొట్టుకున్న తల్లి వస్తోంది. ఆవిడ ముందు దేవదూత సంగతి ఒక్కసారి చెబితే చాలు. స్తెఫనును కూడా ఆ దూతే పరలోకానికి తీసుకెళ్ళాడని ఒక్క ముక్క కలిపితే తల్లిప్రాణం చల్లబడుతుంది. ఆ ముక్క తాను రాత్రే ఆలోచించి పెట్టాడట. ఇలా చెప్పు తమ్ముడూ అని, కళ్ళు మూసుకుని, చెయ్యి పైకెత్తి, గొంతు వణికించి చెప్పి చూపించాడు.

దేవమణికి ఆ చొక్కా లాక్కుని అదే పొయ్యిలో పెట్టాలనిపించింది. చచ్చిపోయినవాడి తల్లికి చెప్పే మాటను ఈయన రాత్రి కూర్చుని అల్లుకొచ్చాడు. మాంసం కొట్టువాడికి కూడా కత్తి పెట్టేముందు కాస్త జాలి ఉంటుంది. ఛీ, ఛీ, ఏం మనుషులు.

ప్రేమదాసు లేచి నిలబడ్డాడు. ఏలీయా చాపిన ఖాకీ చొక్కాను అందుకోలేదు, తోసెయ్యనూ లేదు. ఊరకే దాన్ని చూస్తున్నాడు.

"ఏలీయాగారి తమ్ముడి ఇల్లు ఇదేనా బాబూ?" అని అప్పుడు వినపడింది వీధిలోంచి.

కూడికవేళకు వస్తుందనుకున్న రత్నమణి ముందు బస్సుకే వచ్చేసింది. ఎదురెళ్ళేవాళ్ళు లేక దారి అడుక్కుంటూ నడిచొచ్చింది. చిన్న మనిషి. తెల్లచీర, చేతిలో గుడ్డసంచి, కాళ్ళనిండా దుమ్ము. సౌభాగ్యమ్మ కాళ్ళకు నీళ్ళిస్తే చెంబు పక్కన పెట్టేసింది. ఏలీయా స్తోత్రం చెప్పి, రండమ్మా, కూచోండమ్మా, సాయంత్రం కూడికలో అన్నీ వివరంగా వింటారు అంటూ అడ్డుపడ్డాడు. ఆవిడ ఆయన్ను చూడనేలేదు. దొడ్లో నిలబడ్డ వాళ్ళలో వేళ్ళు తెగిన కాలు ఎవరిదో చూసుకుని తిన్నగా వెళ్ళి, ప్రేమదాసు ఎడమచేతిని తన రెండుచేతుల్లోకీ తీసుకుంది.

ఇప్పుడు విదిలించి కొడతాడు, ముసలామె పడిపోతుంది అనుకుని దేవమణి ముందుకు ఉరికింది. ప్రేమదాసు విదిలించలేదు. ఆ చేతిని అలాగే ఉంచేశాడు.

"నాయనా, నీ మొహం చూస్తే మావాణ్ణి చూసినట్టే ఉంది," అంది రత్నమణి. ఏడవలేదు. ఏడుపు అయిపోయిన మనిషిలా ఉంది. "నీ సాక్ష్యం సంగతి మా ఊరిదాకా వచ్చింది. పందిట్లో పదిమందిలో అడగలేక ముందొచ్చా. దేవదూత నీ చెయ్యి పట్టుకున్నాడంటగా. మావాడూ నీ పక్కనే ఉన్నాడంటగా. మరి మావాడి చెయ్యి ఎందుకు పట్టుకోలేదు నాయనా? వాడేం పాపం చేశాడు? రోజూ ప్రార్థన చేసుకునేవాడు గదా. అదొక్కటీ చెప్పు, వెళ్ళిపోతా."

ప్రేమదాసు పెదవులు కదిలాయి.

"అమ్మా... నా చెయ్యి పట్టుకుంది..."

అక్కడే ఆగాడు. ప్రతి ఊళ్ళోనూ ఆగే చోటే. ఏలీయాకు అది అలవాటయిన చోటు. గుండెలనిండా గాలి పీల్చుకుని, చెయ్యి పైకెత్తి, "హ..." అన్నాడు.

ఆ ముక్క ముక్కగానే ఆగిపోయింది. దేవమణి ఒక్క అంగలో వెళ్ళి బావగారి నోటికి అరచెయ్యి అడ్డంపెట్టి నొక్కేసింది. మరదలు బావగారి మీద చెయ్యి వేసింది. దడి అవతల నలుగురూ చూస్తున్నారు. ఆమె చెయ్యి తియ్యలేదు. ఏలీయా మీసాలు, ఉమ్మి అరచేతికి తగిలి ఒళ్ళు జలదరించినా తియ్యలేదు.

"చెప్పండి," అంది మొగుడితో. "ఈసారి చివరిదాకా చెప్పండి."

బసవయ్య చప్పుడు కాకుండా నేలమీద చతికిలబడ్డాడు, వినడానికి.

"దేవదూత లేడమ్మా," అన్నాడు ప్రేమదాసు. "నా చెయ్యి పట్టుకుంది మీ స్తెఫనే. తొడలో గుండు దిగింది. లేవలేకపోయాడు. నన్నొదిలి పోకురా దాసూ అని ఈ చెయ్యే పట్టుకున్నాడు. వెనకనించి చైనావాళ్ళు వచ్చేస్తున్నారు. కోటు చేతిని కూడా కలిపి పట్టేశాడు, ఊడిరాలా. నేను... వాడి వేళ్ళు ఒక్కొక్కటే విడదీశా. విడదీసి, పరిగెత్తా."

అరుగుమీదనించి ఉన్నికోటు జారి కిందపడింది. సౌభాగ్యమ్మ తీసుకోలేదు. దేవమణి చేతికింద ఏలీయా నోరు ఇక కదలడం లేదు.

ప్రేమదాసు తన చేతివంక చూశాడు. రత్నమణి దాన్ని ఇంకా వదల్లేదు. ముసలి వేళ్ళు ఇంకా గట్టిగా బిగుసుకున్నాయి. ఆవిడ తల పైకెత్తి అతని కళ్ళల్లోకి చూసింది.

"నువ్వు పరిగెత్తేటప్పటికి వాడు బతికే ఉన్నాడా?" అని అడిగింది.